కారుకు బాడీ కిట్ పెడుతున్నారా? రంగు కంటే ముందు బిగింపు చూడండి

హన్మకొండలో మా కాలనీ పిల్లలు నా స్విఫ్ట్ చూసి అడిగేది ఒకటే, "అన్నా, కిట్ ఎక్కడ కొన్నవ్, ఎంతయింది?" అని. అది రెండు నిమిషాల ముచ్చట. అసలు ముచ్చట ఎట్లా బిగించాలన్నది, దాన్ని ఎవరూ అడగరు. నేనూ మొదటిసారి అడగలేదు. షాపువాళ్లు కిట్ మొత్తానికి, అంటే బంపర్లకు, పక్కలకు తగిలించే ముక్కలన్నిటికీ, ముందే రంగు కొట్టి, ఆరబెట్టి, తర్వాత కారుకు పట్టించారు. ఎడమవైపు సైడ్ స్కర్ట్ (తలుపుల కింద పొడవునా పట్టే ముక్క) ముందు చివర వేలు దూరేంత సందు వచ్చింది. ఆ సందు మూయడానికి స్క్రూను బలవంతంగా తిప్పారు, స్క్రూ చుట్టూ రంగు వెంట్రుకంత సన్నగా చిట్లింది. నేను చూశాను, కానీ కొత్త రంగు మెరుపులో అది పెద్ద విషయం అనిపించలేదు. మే నెలలో ములుగు వెళ్తుంటే ఆత్మకూరు దాటాక ఆ చివర ఊడి రోడ్డును గీసుకుంటూ వచ్చింది. పక్కకు ఆపి, కండువాతో కట్టుకుని ఇంటికి తెచ్చాను. వెనకాల బైకు మీద వచ్చే మనిషికి అది తగిలి ఉంటే ఏమయ్యేదో అని ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

రెండోసారి నేనే టింకరింగ్ మేస్త్రీ పక్కన కూర్చుని రెండు ఆదివారాలు చేయించుకున్నాను. అప్పుడు తెలిసినదంతా ఇక్కడ రాస్తున్నాను. ఒక్కటే గుర్తుపెట్టుకుంటే చాలు: కిట్ కారుకు సరిగ్గా కూర్చునేదాకా దాని మీద రంగు చుక్క పడకూడదు.

కొనేముందు మీరు రోజూ తిరిగే రోడ్డు చూసుకోండి. స్విఫ్ట్‌కు కంపెనీ చెప్పే గ్రౌండ్ క్లియరెన్స్ 163 మిల్లీమీటర్లు, కానీ లిప్, అంటే ముందు బంపర్ కింద అంచుకు తగిలించే ముక్క, పెట్టే మనిషికి ఆ అంకెతో పని తక్కువ. బ్రేకర్‌కు ముందు తగిలేది బండి మధ్యభాగం కాదు, ముందు చక్రం కంటే ముందుకు పొడుచుకొచ్చిన ముక్కు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్క ప్రకారం స్పీడ్ బ్రేకర్ 10 సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు ఉండాలి, అంటే మెల్లగా ఎక్కి మెల్లగా దిగాలి. మన గల్లీల్లో ఇంటివాళ్లే సిమెంటు పోసి కట్టిన బ్రేకర్లు జానెడు వెడల్పు, మోకాలి కింది దాకా ఎత్తు. వాటి మీద ఏ లెక్కా నడవదు. అందుకే నేను చేసింది చెప్తాను. పాత కార్టన్ అట్ట తీసుకుని, కొనాలనుకున్న లిప్ ఎంత కిందికి వస్తుందో అంత ఎత్తున కత్తిరించి, బంపర్ కింద అంచు పొడవునా మాస్కింగ్ టేపుతో వేలాడదీశాను. రెండు రోజులు అట్లాగే ఆఫీసుకు, కూరగాయలకు, ఒకసారి నలుగురిని ఎక్కించుకుని నర్సంపేట దాకా వెళ్లొచ్చాను. తిరిగొచ్చాక చూస్తే అట్ట కుడి మూల మడత పడి, మధ్యలో నల్లటి తారు గీత ఉంది. ఎక్కడ తగిలిందో అట్టే చెప్పింది. నేను తీసుకోవాలనుకున్న లిప్ వదిలేసి, రెండు వేళ్లు తక్కువ లోతు ఉన్నది తీసుకున్నాను. నలుగురిని ఎక్కించడం మర్చిపోకండి, ఒక్కరే ఉన్నప్పుడు తగలని బండి నలుగురు కూర్చుంటే తగులుతుంది. మేడారం జాతరకు కుటుంబంతో, సామానుతో పోయే బండి అయితే ఇది ఇంకా ముఖ్యం.

తర్వాత మెటీరియల్. మార్కెట్లో ఎక్కువగా కనిపించేవి మూడు రకాలు. ఫైబర్ అని మనం పిలిచేది ఎఫ్‌ఆర్‌పీ, అంటే గాజు నారను రెసిన్ అనే జిగురులో తడిపి అచ్చులో పరిచి గట్టిపరిచింది. ధర తక్కువ, పగిలితే మళ్లీ నార, రెసిన్ వేసి అతికించుకోవచ్చు. కానీ దెబ్బకు వంగదు, చిట్లుతుంది. అచ్చులో చేత్తో పరిచి చేసింది కాబట్టి రెండు ముక్కలు ఒకేలా ఉండవు, కుడి ఎడమల తేడా కూడా వస్తుంది. ఏబీఎస్ ప్లాస్టిక్ యంత్రం మీద అచ్చు వేసింది, అంచులు నున్నగా ఉంటాయి, బిగింపు చాలావరకు సరిగ్గా కూర్చుంటుంది, గట్టి దెబ్బకు మాత్రం పగులుతుంది. మూడోది పీయూ, అంటే పాలీయురెథేన్, రబ్బరులా వంగి మళ్లీ నిలబడుతుంది, లిప్‌కు మన రోడ్ల మీద ఇదే మంచిది, కాకపోతే బరువు, ధర రెండూ ఎక్కువ. నా సలహా అడిగితే ముందు లిప్ పీయూ, పక్క స్కర్టులు ఏబీఎస్ తీసుకోండి. పూర్తి బంపర్ మారుస్తుంటేనే ఫైబర్ జోలికి పోండి, అది కూడా చేతిలో మంచి మేస్త్రీ ఉంటేనే. ముక్కను తిరగేసి వెనకవైపు చూడండి, కంపెనీ అచ్చు అయితే ఏబీఎస్ అనో పీపీ (పాలీప్రొపిలీన్ అనే ఇంకో ప్లాస్టిక్) అనో చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఏమీ లేకుండా లోపల గడ్డి పోచల్లా నార కనిపిస్తే అది ఫైబరే, అమ్మే మనిషి ఏ పేరు చెప్పినా సరే.

చట్టం సంగతి ఇక్కడే చెప్తాను, ఎందుకంటే డబ్బు కట్టాక తెలిస్తే లాభం లేదు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం ఆర్‌సీలో ఉన్న వివరాలు తయారీదారు ఇచ్చిన వాటికి భిన్నమయ్యేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. అదే ఏడాది చేర్చిన 182ఏ సెక్షన్ కింద అనుమతి లేని ఒక్కో మార్పుకు ఓనర్‌కు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడొచ్చు. చక్రాల మీద వెడల్పు ఆర్చ్‌లు అతికించి బండి వెడల్పు పెంచడం, బాడీ కోయడం, చాసిస్ ముట్టుకోవడం లాంటివి వద్దే వద్దు. ముందు ఇనుప బుల్ బార్లను 2017 డిసెంబరులోనే కేంద్రం వద్దంది, అవి ఎదుటి మనిషి ప్రాణం మీదికి తెస్తాయి, ఢీకొన్నప్పుడు ఎయిర్‌బ్యాగ్ సెన్సర్ల పనికీ అడ్డం వస్తాయి. కారు కంపెనీలు షోరూంలో తమ యాక్సెసరీల కిందే స్కర్టులు, అండర్‌బాడీ స్పాయిలర్లు అమ్ముతాయి, మొదట అవి చూడండి. బయటిది తీసుకునేటట్టయితే డబ్బు కట్టకముందే ఆర్టీఏ ఆఫీసులో అడగండి. రంగు మారిస్తే ఆర్‌సీలో కూడా మార్పించుకోవాలి. ఇన్సూరెన్స్ కంపెనీకి బిల్లు జతచేసి మెయిల్ పెట్టి, వాళ్లు పాలసీలో రాసిచ్చిన కాగితం దగ్గర పెట్టుకోండి. చెప్పకపోతే క్లెయిమ్ రోజున కిట్ డబ్బుతో పాటు మిగతా డబ్బుకు కూడా పేచీ వస్తుంది.

సరుకు పార్సిల్‌లో వస్తే వచ్చిన మనిషి ముందే విప్పండి, వీడియో తీసుకోండి. ఫైబర్ ముక్కలకు మూలల దగ్గర, స్క్రూ చెవుల దగ్గర సన్నటి చిట్లు ఉంటాయి, వేలి గోరు నడిపితే తగులుతాయి.

ఇక బిగించి చూడడం. దీనికి ఒక పూట మొత్తం పెట్టుకోండి, తొందర ఉన్న రోజు మొదలుపెట్టకండి. నేల చదునుగా ఉండాలి, ఏటవాలు వాకిట్లో ఒకవైపు కిందికి కనిపిస్తుంది, మీరు ముక్కను నిందిస్తారు. నాలుగు టైర్లలో కంపెనీ చెప్పినంత గాలి ఉండాలి. బండి కడిగి ఆరబెట్టండి. ఇద్దరు మనుషులు తప్పనిసరి, ఒక్కరే పట్టుకుని ఒక్కరే స్క్రూ తిప్పితే ముక్క కిందికి జారుతుంది, అప్పుడు పడిన గీత మీ పాత రంగు మీదే పడుతుంది. కిట్ తగిలే ప్రతి అంచు కింద బండి మీద మాస్కింగ్ టేపు రెండు వరసలు వేయండి. ముక్కను మధ్యలోంచి మొదలుపెట్టి చివరలకు పట్టించండి. చివరలోంచి మొదలుపెడితే తేడా అంతా ఇంకో చివరకు పోయి కూర్చుంటుంది, నా ఎడమ స్కర్ట్‌కు జరిగింది అదే.

పట్టించాక వెనక్కి పది అడుగులు వేసి చూడండి. తర్వాత కొలత టేపు తీసుకుని రెండువైపులా నేల నుంచి అంచు దాకా కొలవండి, ముందు చక్రం వెనక, తలుపుల మధ్య, వెనక చక్రం ముందు, మూడు చోట్ల. కొలతలు బండి మీది టేపు మీదే పెన్నుతో రాసుకోండి. మా మేస్త్రీకి కొలత టేపుతో పాటు ఇంకో పద్ధతి ఉంది, పాత ఏటీఎం కార్డు. కార్డును బండికీ ముక్కకూ మధ్య సందులో పెట్టి ఈ చివర నుంచి ఆ చివర దాకా జరుపుతాడు. ఒకే తీరుగా జరిగితే సరే. ఒకచోట ఇరుక్కుని ఇంకోచోట వదులైతే అక్కడ పెన్సిల్ గీత పెడతాడు, తీసి రుద్దుతాడు, మళ్లీ పెడతాడు. నా కుడి స్కర్ట్‌కు ఇట్లా ఏడుసార్లు తీసి పెట్టాడు. ఏడోసారి కార్డు ఆగకుండా వెళ్లినప్పుడు ఆయన ఏమీ అనలేదు, టీ తాగుదాం పద అన్నాడు. తలుపులు నాలుగూ తెరిచి మూసి చూడండి. స్టీరింగ్ ఈ చివర నుంచి ఆ చివర దాకా తిప్పి టైరు ఎక్కడా రాసుకోవడం లేదని చూడండి. డిక్కీలో బరువు పెట్టి కూడా ఒకసారి చూడండి.

ఫైబర్ ముక్క అయితే ఈ దశలోనే దాన్ని బండికి వదులుగా బిగించి రెండు మూడు రోజులు ఎండలో ఉంచండి. రెసిన్ ఇంకా పూర్తిగా గట్టిపడి ఉండదు, ఎండకు కొద్దిగా ముడుచుకుంటుంది. ఆ ముడుచుకునేదేదో బండి ఆకారంలో ముడుచుకుంటే మనకే మంచిది. రంగు వేశాక ముడుచుకుంటే పుట్టీ గీతలన్నీ పైకి తేలుతాయి.

సైడ్ స్కర్టుల దగ్గర మూడు విషయాలు చాలామంది చూడరు. మొదటిది జాకీ పెట్టే చోటు. తలుపుల కింద ఇనుప అంచు మీద చిన్న గాట్లు రెండు ఉంటాయి, పంక్చర్ అయినప్పుడు జాకీ అక్కడే పెట్టాలి. స్కర్ట్ దాన్ని మూసేస్తే రాత్రి పూట రోడ్డు మీద ఆగిపోయినప్పుడు మీ గతి ఏమిటి? అక్కడ ముక్కను ముందే కోయించి పెట్టుకోండి, ఇంట్లోనే జాకీ ఎక్కించి చూసుకోండి. రెండోది నీళ్లు పోయే రంధ్రాలు. తలుపుల కింద బాడీ అడుగున చిన్న బొక్కలు ఉంటాయి, లోపలికి దిగిన వాన నీళ్లు అక్కడి నుంచే కారిపోతాయి. టేపుతోనో సీలెంట్‌తోనో వాటిని మూస్తే నీళ్లు లోపలే నిలిచి, బయటికి ఏమీ కనిపించకుండా రెండు మూడు వానాకాలాల్లో తుప్పు తినేస్తుంది. మూడోది వేడి. ఒకటిన్నర మీటర్ల ఏబీఎస్ ముక్క జనవరి తెల్లవారుజాముకూ మే మధ్యాహ్నం ఎండకూ మధ్య నాలుగైదు మిల్లీమీటర్లు సాగుతుంది. రంధ్రాలు స్క్రూకు సరిగ్గా సరిపోయేంతే కొడితే సాగడానికి చోటు లేక మధ్యలో ఉబ్బుతుంది, లేదా స్క్రూ దగ్గర చిట్లుతుంది. మధ్య స్క్రూకు మాత్రం గుండ్రటి రంధ్రం, మిగతావాటికి పొడవాటి రంధ్రం కొట్టించి, కింద రబ్బరు వాషర్ వేసి, చేత్తో బిగిసేదాకా బిగించి ఆపండి. గన్‌తో బిగించొద్దని నిలబడి చెప్పండి.

బండి ఇనుములో రంధ్రం కొట్టాల్సి వస్తే ముందు మూడు మిల్లీమీటర్ల బిట్, తర్వాత అసలు సైజు. రజను ఊది తుడిచి, రంధ్రం అంచుకు జింక్ ప్రైమర్ పూసి, ఆరాకే స్క్రూ ఎక్కించండి. స్టెయిన్‌లెస్ స్క్రూలే వాడండి. సీలెంట్ పీయూది తీసుకోండి. వెనిగర్ వాసన వచ్చే మామూలు సిలికాన్ ఇనుమును తినేస్తుంది.

రంగు అయ్యాక చివరి బిగింపులో టేపు మీద ఆధారపడే ముక్కలకు శుభ్రమే ప్రాణం. త్రీఎమ్ వాళ్ల వీహెచ్‌బీ లాంటి మంచి డబుల్ సైడ్ టేపు తీసుకోండి, షాపులో మీటరు లెక్కన కోసిచ్చే తెల్ల ఫోమ్ టేపు పనికిరాదు. బండి మీద మైనం, పాలిష్ ఏది ఉన్నా పోయేలా ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి, గుడ్డ ఒకేవైపు నడపండి, మళ్లీ వేలు పెట్టకండి. ఉపరితలం 21 నుంచి 38 డిగ్రీల మధ్య ఉంటే టేపు బాగా పడుతుంది. మన దగ్గర మేలో మధ్యాహ్నం రేకు చేయి పెట్టలేనంత కాలుతుంది, కాబట్టి పొద్దున్నే నీడలో చేయండి. డిసెంబరు పొద్దుగాల అయితే బండిని కాసేపు ఎండలో ఉంచి మొదలుపెట్టండి. టేపు ముక్క పొడవునా గట్టిగా నొక్కండి, దాని బలం ఒత్తిడి మీదే వస్తుంది. పూర్తి పట్టు రావడానికి 72 గంటలు పడుతుంది, ఆ మూడు రోజులు బండి కడగొద్దు, హైవే ఎక్కొద్దు. స్కర్ట్‌లాంటి పొడవు ముక్కను ఒట్టి టేపు మీద ఎప్పుడూ వదలకండి, రెండు చివర్లా స్క్రూ ఉండాల్సిందే.

ముందు బంపర్ విషయంలో చూడాల్సింది గాలి. రేడియేటర్, ఏసీ కండెన్సర్‌కు గాలి పోయే దారి కిట్ వల్ల చిన్నదైతే మేలో ట్రాఫిక్‌లో ఏసీ చల్లగా రాదు, ఇంజిన్ వేడెక్కుతుంది. పాత బంపర్ పక్కన కొత్తది పెట్టి నోటి సైజు పోల్చుకోండి. పాత బంపర్ లోపల ఉండే ఇనుప పట్టీనీ ఫోమ్‌నూ తీసేయమంటే ఒప్పుకోకండి, గుద్దుకున్నప్పుడు దెబ్బ తినేది అవే. కొత్త కార్లలో రాడార్ ఉంటే దాని ముందు ఏ ముక్కా రాకూడదు. వెనకవైపు డిఫ్యూజర్‌కు (వెనక బంపర్ కింద పెట్టే ముక్క) సైలెన్సర్ గొట్టం చుట్టూ రెండు వేళ్ల సందు వదలండి, లేకపోతే ప్లాస్టిక్ మెత్తబడి కిందికి జారుతుంది. రివర్స్ సెన్సర్లు, ఎర్ర రిఫ్లెక్టర్లు, నంబర్ ప్లేటు లైటు అన్నీ పాత చోటే ఉండాలి.

స్పాయిలర్‌కు రెండు మాటలు. డిక్కీ రేకుకు రంధ్రం కొడితే రబ్బరు గ్యాస్కెట్ వేయించండి, మగ్గుతో నీళ్లు పోసి లోపల చేయి పెట్టి తడి ఉందేమో చూడండి. పైనున్న మూడో బ్రేక్ లైటు మూసుకుపోకూడదు.

ఇంత అయ్యాక రంగు. అన్నీ విప్పి, ఏ స్క్రూ ఏ రంధ్రానిదో డబ్బాల మీద రాసి పెట్టండి. ఫైబర్ అయితే అచ్చు మైనం పోయేలా ముందు సాల్వెంట్‌తో తుడిచాకే రుద్దాలి, ముందే రుద్దితే మైనం గీతల్లోకి పోతుంది. 180 నంబరు గరుకు కాగితంతో మొదలుపెట్టి 320, ప్రైమర్ మీద 600 వాటర్ పేపర్. ఫైబర్ రజను ఊపిరిలోకి పోకూడదు, మంచి మాస్కు, నిండు చేతుల చొక్కా వేసుకోండి, వీలైనంత నీళ్లతోనే రుద్దండి. దురద పెడితే చన్నీళ్లతో కడగండి, గోకకండి. పీయూ ముక్కకు రంగులో ఫ్లెక్స్ ఎడిటివ్ కలపమని చెప్పాలి, లేకపోతే వంగిన చోటల్లా రంగు పగులుతుంది. పీపీ ప్లాస్టిక్‌కు అడ్హిషన్ ప్రమోటర్ లేకుండా రంగు పట్టదు, ఏడాదిలో పొరలుగా లేస్తుంది.

రంగు కోడ్ బండి మీది చిన్న ప్లేటులోనే ఉంటుంది, కానీ కోడ్‌తోనే కలపమని వదిలేయకండి. ఐదేళ్లు ఎండలో తిరిగిన బండి రంగు ఆ కోడ్‌లో ఉండదు. చిన్న రేకు ముక్క మీద కొట్టించి, ఆరాక, బయట ఎండలో తలుపు పక్కన పెట్టి చూడండి. షెడ్డులో ట్యూబ్‌లైటు కింద ఒప్పుకున్న తెలుపు బయటికి రాగానే పసుపు కొడుతుంది. వడ్ల కోతల రోజుల్లో గాలి నిండా పొట్టు, దుమ్ము ఉంటుంది, వాన రోజుల్లో క్లియర్ కోట్ (రంగు మీద కొట్టే మెరుపు పూత) పాలలాగా తెల్లబారుతుంది, కాబట్టి రంగు కొట్టడానికి మూసిన బూత్ (గది) లేని షాపు అయితే ఆ రెండు కాలాలూ దాటించండి.

చివరి బిగింపు మామూలు పనే, ఎందుకంటే ముక్క ఇప్పటికే ఆ చోటు ఎరుగును. రాసుకున్న కొలతలు చూసుకుంటూ పెట్టండి. ఐదు వందల కిలోమీటర్లు తిరిగాక ప్రతి స్క్రూనూ చేత్తో ఒకసారి చూడండి, ఒకటి రెండు వదులై ఉంటాయి. కడిగేటప్పుడు ప్రెషర్ గన్ మూతిని అంచుల మీద పెట్టనీయొద్దు, మూరెడు దూరం నుంచే కొట్టమనండి. కొత్త రంగు మీద నెల రోజులు మైనం పాలిష్ వద్దు. నేను డిక్కీలో స్టెప్నీ పక్కన చిన్న డబ్బా పెట్టుకున్నాను, అందులో నాలుగు స్టెయిన్‌లెస్ స్క్రూలు, వాషర్లు, రెండు జిప్ టైలు, ఒక పది నంబరు పానా ఉన్నాయి. మొన్న లక్నవరం వెళ్తుంటే గోవిందరావుపేట దగ్గర గుంతలో పడి ఒక క్లిప్పు పోయింది, పక్కకు ఆపి ఐదు నిమిషాల్లో బిగించుకుని బయలుదేరాం.